రాజు ముఖంలో గుల్ల

ఒక మనిషి ముఖాన్ని నేను పద్దెనిమిది రోజులు కూర్చుని చేశాను. అంత శ్రద్ధగా జీవితంలో ఇంకే పనీ చెయ్యలేదు, నా పెళ్ళికి నా చేత్తో నేనే చేసుకున్న ఐరేని కుండలతో సహా. ఆ ముఖం నలుగురూ చూస్తుండగా పగలాలని నా కోరిక. పగిలింది. దానికి నేను ఇప్పటికీ సిగ్గుపడటం లేదు. సిగ్గుపడే సంగతి వేరే ఉంది, అదీ చెబుతాను.

ఇది రెండువేల ఆరు ఎండాకాలం మాట. అప్పుడు నేనూ, నా బామ్మర్ది గంగాప్రసాదూ అబుదాబి పక్కన ఐకాడ్ అనే ఫ్యాక్టరీల పేటలో ఒక బొమ్మల కంపెనీలో పనిచేస్తున్నాం. విల్లాలకూ హోటళ్ళకూ స్తంభాలు, సింహాలు, గుర్రం తలలు చేసి పంపే కంపెనీ. పని చాలామటుకు ప్లాస్టరుతో, సిమెంటుతో. మేమిద్దరం మెట్‌పల్లి దగ్గరి కుమ్మరోళ్ళం కనక, ఎప్పుడైనా మట్టి పని వస్తే మాకే చెప్పేవారు. ఊళ్ళో ప్లాస్టిక్ బిందెలొచ్చి మా సారె మూలకు పడ్డాక గల్ఫ్ పోయినవాళ్ళం, అక్కడ మళ్ళీ మట్టి చేతికి తగలడం మాకు పండగలా ఉండేది.

మే నెలలో ఇంగ్లండు నుంచి ఒక చెక్కపెట్టె వచ్చింది. మా డిజైన్ మేనేజరు రాధాకృష్ణ సారు దాన్ని తనే దగ్గరుండి తెరిపించాడు. భీమవరం ఆయనది. నూట ఇరవై మంది పనిచేసే ఆ కంపెనీలో తెలుగొచ్చిన ఆఫీసు మనిషి ఆయన ఒక్కడే. మమ్మల్ని 'మనోళ్ళు' అనేవాడు. ఆ ఒక్క మాటకే మేం పడిపోయాం.

గడ్డి తీస్తే లోపల మూరెడెత్తు ఆడమనిషి బొమ్మ ఉంది. ఎర్రగా కాల్చిన మట్టి. ముక్కు కొస కొంచెం ఊడింది గానీ చీరకుచ్చిళ్ళలా జారే గౌను మడతలు మాత్రం నిన్న చేసినట్టున్నాయి.

"చూడవయ్యా ఆశన్నా, నూట ముప్ఫయ్యేళ్ళ కిందటిది. విక్టోరియా రాణి కాలంలో చేసింది. పాత నాటకాల్లో పాత్రల్ని ఇలా మట్టితో చేసి, కాల్చి, మేడల మీదా తోటల్లోనూ నిలబెట్టుకునేవాళ్ళు. దుబాయ్‌లో కొత్తగా కట్టే హోటల్ వాళ్ళకి ఈ పద్ధతిలో ఐదు కావాలట. మనిషెత్తున," అన్నాడు సారు.

"ఈమె ఎవలు సారూ?" అని అడిగాడు గంగాప్రసాదు.

"రాణి. చేతిలో ఉన్నది విషం గిన్నె. మిగతావాళ్ళు రాజు, సేనాపతి, ముసలి దాసి, విదూషకుడు."

"అంటే?"

"జోకరయ్యా. రాజు ముందు నిలబడి నిజం చెప్పేది వాడొక్కడే. నవ్విస్తూ చెబుతాడు కాబట్టి తల మిగుల్తుంది."

"గది నేను జేస్త," అన్నాడు గంగాప్రసాదు.

సారు వెళ్ళాక రాణిని బోర్లించి లోపల చూశాను. మట్టిబొమ్మ లోపల డొల్లగా లేకపోతే కాలేటప్పుడు పగులుతుంది. ఈ డొల్లలోపల, మెడ దగ్గర, చేసినవాడి బొటనవేలి ముద్ర అలాగే ఉంది. పచ్చి మట్టి అదిమినప్పుడు పడ్డది. గంగాప్రసాదు తన వేలు అందులో పెట్టి చూసుకున్నాడు.

"సరిగ్గ సరిపోయింది బావా. గీన గూడ మనోడే," అన్నాడు.

జూన్ మొదటివారానికల్లా జోకరు తల తయారయింది. మనిషెత్తు బొమ్మ ఒకేసారి కాలదు కనక తల, మొండెం, కాళ్ళు వేరువేరుగా చేసి కాల్చి తర్వాత అతుకుతాం. నోరు ఒక పక్కకు వంచి, ఒక కన్ను చికిలించి, ఎదుటివాడి గుట్టంతా తెలిసినవాడిలా చేశాడు గంగాప్రసాదు ఆ ముఖాన్ని. చేశాక మెడలోపల తన బొటనవేలు గట్టిగా అదిమాడు. నాకు చూపించి మరీ అదిమాడు.

తలను బట్టీలో పెట్టి కాల్చాం. మంట ఆపాక బట్టీ రెండు పగళ్ళు, రెండు రాత్రులు చల్లారాలి. ఒక రాత్రే గడిచింది. పొద్దున్నే సారు వచ్చి తలుపు తియ్యమన్నాడు.

"పది గంటలకి హోటల్ వాళ్ళు వస్తున్నారయ్యా. ఇంకా పొయ్యిలోనే ఉందంటే ఏం బాగుంటుంది?"

"రేపటిదాక ఆగాలె సారూ. లోపల ఇంక మస్తు వేడి ఉన్నది," అన్నాను.

"జోకరు తల ఒక్కటి తీసి చూపించండి చాలు. నేను చెబుతున్నా కదా, బాధ్యత నాది. యల్లా, తొందరగా."

బాధ్యత నాది అన్న మాట నేను విన్నాను, గంగాప్రసాదు విన్నాడు. షెడ్డులో అప్పుడు మేం ముగ్గురమే ఉన్నాం.

తలుపు తీస్తే ముఖం మాడిపోయే సెగ. గంగాప్రసాదు చేతులకీ ఛాతీకీ తడి గోనెగుడ్డలు చుట్టుకున్నాడు. "జరుగు బావా, నా బొమ్మ నేనే తీస్త," అన్నాడు. ఎడమచేత్తో తలను పట్టుకుని దగ్గరకు లాక్కున్నాడు, కుడిచేత్తో పై అరను ఆపాడు. చల్లగాలి తగిలి ఆ అరబండ టప్పున చిట్లింది. చిట్లి కుడిచేతి మీదికి జారింది. నేను కర్రతో ఎగదోసి బండను తప్పించేసరికి గోనెగుడ్డలోంచి పొగ వస్తోంది. అంతా అయ్యాక చూస్తే జోకరు తల వాడి ఎడమ చంకలోనే ఉంది. వాడు దాన్ని పడెయ్యలేదు.

పికప్ డ్రైవరు ఇనాయతుల్లా వాణ్ణి ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఇనాయతుల్లా బోధన్ మనిషి, పదో తరగతి దాకా చదివాడు, మా గదిలోనే ఉండేవాడు. వాళ్ళు గేటు దాటిన కాసేపటికే హోటల్ వాళ్ళు వచ్చారు. జోకరు తలను చూసి మెచ్చుకున్నారు, ఫోటోలు తీసుకున్నారు. సారు చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు.

కుడి బొటనవేలు, దాని పక్కవి రెండు తీసేశారు. కుమ్మరోడికి చెయ్యంటే ఆ మూడు వేళ్ళే.

మూడోరోజు సారు ఆసుపత్రి వరండాలోకి వచ్చాడు. లోపలికి వెళ్ళి వాణ్ణి చూడలేదు. నాకు టీ ఇప్పించి, ఒక కాగితం తీశాడు. పైన ఇంగ్లీషు, కింద అరబ్బీ.

"ఇక్కడ సంతకం పెట్టవయ్యా. నువ్వు అక్కడున్నావని సాక్ష్యం, అంతే. హాస్పిటల్ వాళ్ళకి కావాలంట."

పెట్టాను. తెలుగులో 'ఆశన్న' అని రాశాను. నేను చదివింది ఐదో తరగతి, నాకొచ్చిన అక్షరాలు అవే. ఇందులో ఏమున్నది సారూ అని అడగలేదు. పక్కవార్డులో గంగాప్రసాదు దగ్గర ఇనాయతుల్లా కూర్చుని ఉన్నాడు, పిలిచి చదివించుకోవచ్చు. పిలవలేదు. మనోడు చెబుతుంటే ఇంకొకణ్ణి పిలిచి చదివించడం మర్యాద కాదనుకున్నాను. ఇదీ నేను సిగ్గుపడే సంగతి.

నెలాఖరుకి గంగాప్రసాదుకి వీసా రద్దు చేసి ఇంటికి పంపించారు. చెయ్యి బాగయ్యాక మళ్ళీ పిలుస్తామని సారు చెబితే నేను నమ్మాను. జులై మొదటి శుక్రవారం మధ్యాహ్నం మేముండే లేబర్ క్యాంపు బయటి టెలిఫోన్ బూత్‌లోంచి ఇంటికి ఫోన్ చేశాను. నా భార్య స్వర్ణ ఎత్తింది. గంగాప్రసాదు ఆమెకు తమ్ముడు, చంకనేసుకుని పెంచిన తమ్ముడు.

"మా తమ్ముడు తాగిండా?" అంది. బాగున్నవా అని కూడా అడగలేదు.

"ఏందే? ఎవలన్నరు?"

"తాగిండట. తాగి ఎవ్వలకు జెప్పకుంట బట్టీ తలుపు తీసిండట. కంపెనీ కాయితం అచ్చింది. హైస్కూల్ సార్ సదివి జెప్పిండు."

గంగాప్రసాదు కల్లు కూడా ముట్టని మనిషి.

"కింద సాక్షి సంతకం ఉన్నది," అంది స్వర్ణ. "కాయితమంత ఇంగిలీషు. తెలుగుల ఉన్నది ఒక్క నీ పేరే. మాకు సదవచ్చింది గదొక్కటే."

"నాకు ఎరుకలే స్వర్ణా. దవఖాన కాయితమన్నడు."

"అవ్వ బీడీల కార్ఖానకు పోతలేదు. తాగుబోతు తల్లి అంటున్నరని ఇంట్లనే కూసుంటుంది. వాడు ముసుగు దన్ని పండుకుంటున్నడు. నువ్వు ఇగ ఫోన్ చెయ్యకు. ఆ కాయితం మారినంక చెయ్యి."

పెట్టేసింది. మా అత్త కొమురవ్వ బీడీలు చుట్టే ఆ కార్ఖానలో నలభై మంది ఆడవాళ్ళుంటారు. అక్కడ ఒక మాట పుడితే సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది. ఆ మాట కింద నా సంతకం ఉంది.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకి పోయాను. రాధాకృష్ణ సారు టీ తాగుతున్నాడు. అడిగాను. కప్పు కింద పెట్టకుండానే చెప్పాడు.

"ఏదో ఒకటి రాయాలి కదయ్యా. ఓనరుగారు లెబనాన్ నుంచి ఫోన్ చేసి ఎవడు తీయమన్నాడని అడుగుతున్నారు. నా పేరు రాసుకుంటే నేను ఇంటికి పోవాలి. వాడెలాగూ పోయేవాడే కదా, వాడికి కొత్తగా పోయేదేముంది?"

"తాగిండని రాసిండ్రు సారూ. వాడు తాగడు."

"సాక్షి సంతకం నీది. అబద్ధమని నువ్వే చెబితే ముందు నిన్నే పట్టుకుంటారు. ఖలాస్, అయిపోయింది. వదిలెయ్." అని, అదే నోటితో, అదే ఊపులో, "రాజు తల ఇవాళే మొదలుపెట్టు. ఒక ఐడియా వచ్చింది. రాజుకి నా ముఖం పెట్టు. కాలేజీలో రాజు వేషం వేసి కప్పు కొట్టినవాణ్ణి. హోటల్ గుమ్మంలో నిలబడిపోతాను," అన్నాడు.

ఆ టీకప్పు తీసుకుని ఆయన నెత్తిన కొట్టాలనిపించింది. అది చేస్తే ఆ సాయంత్రమే నేనూ విమానం ఎక్కుతాను, కాగితం అలాగే ఉంటుంది. "పెడ్త సారూ. ఎప్పుడు కూసుంటరు?" అన్నాను.

మా నాయిన మట్టిని ముందు జల్లెడ పట్టించేవాడు, తర్వాత నీళ్ళలో వడగట్టించేవాడు, ఆ తర్వాత వేళ్ళతో వెతికించేవాడు. వెతికేది సున్నపురాయి కోసం. జొన్నగింజంత సున్నపురాయి మట్టిలో ఉండిపోతే కుండ చేసేటప్పుడు తెలియదు, కాల్చేటప్పుడూ ఏం కాదు. ఎర్రగా బంగారంలా బయటికి వస్తుంది. కాని లోపల ఆ రాయి కాలి సున్నమై కూర్చుంటుంది. కొన్నాళ్ళకు గాలిలో తేమ తగిలితే ఉబ్బి, తన మీదున్న మట్టిని పెంకులా ఎగదన్నుతుంది. వానాకాలం కొత్తకుండ ఉన్నట్టుండి పెచ్చులూడితే, కొన్న మనిషి నడిబజారులో మా నాయినను నిలబెట్టి అడిగేది. ఆ రాయి మట్టిలో లేకుండా చూడటమే కుమ్మరిపనిలో నేను నేర్చుకున్న మొదటి పాఠం. ఉండేలా చూడటం నాకు నేనుగా నేర్చుకున్నాను.

అక్కడ సున్నపురాయి కోసం వెతకాల్సిన పనే లేదు. ఐకాడ్ ఉన్న నేలంతా ఒకప్పటి సముద్రం. క్యాంపు వెనక కాలితో గీస్తే చాలు, తెల్లటి చిన్న గుల్లలు తేలుతాయి. మా వైపు గుల్ల సున్నం కాల్చేది ఇట్లాంటివాటితోనే. పిడికెడు ఏరుకుని, కడిగి, సుత్తితో నలగ్గొట్టి, జొన్నగింజంత ముక్కలు ఏరి, అగ్గిపెట్టెలో పోసుకున్నాను.

రోజూ పొద్దున అరగంట సారు కుర్చీ వేసుకుని నా ముందు కూర్చునేవాడు. గడ్డం ఎత్తి పెట్టేవాడు. నేను చూసేవాణ్ణి. ఆ ముక్కు ఏ పక్కకు కొంచెం వంగిందో, కనుబొమ ఎక్కడ తెగిందో ఆయన భార్య కంటే నాకే ఎక్కువ తెలుసు. ఆయన లేచి వెళ్ళాక అగ్గిపెట్టె తీసేవాణ్ణి. ముక్కు కొసలో ఒకటి, కళ్ళ కింద రెండేసి, బుగ్గల్లో మూడేసి, నుదుట ఒకటి. ఒక్కొక్కటి పెట్టి, పైన గోరంత మందాన మట్టి మెత్తి, తడివేలితో నున్నగా చేసేవాణ్ణి. పని చేస్తున్నంతసేపూ నాకు హాయిగా ఉండేది, ఆ హాయిని దాచుకోవడం ఇప్పుడెందుకు.

"పెదాల దగ్గర ఇంకాస్త చిరునవ్వు రావాలయ్యా," అన్నాడొకరోజు.

"తెస్త సారూ."

చిరునవ్వు రెండు కొసల్లోనూ ఉన్నవాటిలోకెల్లా పెద్ద ముక్కలు పెట్టాను.

ముఖం చూసి సారు మురిసిపోయి, ఇంటికి కూడా ఒక చిన్నది చెయ్యమన్నాడు, పెళ్ళిరోజుకి భార్యకిస్తానని. చేశాను. జానెడెత్తు తల, అదే ముఖం. ఇందులో ఏం పెట్టానో తర్వాత చెబుతాను. ఆగస్టు మొదట్లో ఇనాయతుల్లా బండిలో దాన్ని హమ్దాన్ స్ట్రీట్‌లోని వాళ్ళ ఫ్లాటుకు తీసుకుపోయాం. సారు భార్య కుసుమకుమారి గారు తలుపు తీశారు. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు.

"ఆ అబ్బాయి చెయ్యి ఎలా ఉందండీ? వారం రోజులు క్యారేజీ కట్టిచ్చాను మా వారి చేతికి. తిన్నాడా, ఉప్పూకారం సరిపోయిందా?" అని అడిగారు.

మా గంగాప్రసాదుకు క్యారేజీ ఒక్కరోజు కూడా రాలేదు. ఇనాయతుల్లా నా వైపు చూశాడు. ఆమె ముఖం చూస్తే చెప్పబుద్ధి కాలేదు.

"మంచిగున్నది అమ్మా," అన్నాను. బొమ్మను ఆమె టీవీ పక్కన పెట్టుకున్నారు.

ఆగస్టు మూడోవారంలో ఐదు బొమ్మలనూ హోటల్ వాకిట్లో నిలబెట్టాం. రాణి, సేనాపతి, దాసి, జోకరు వరసగా, నడిమధ్య రాజు. సముద్రం అక్కడికి నాలుగడుగులు. ఆ నెలలో ఆ గాలి ఎలా ఉంటుందో ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, గోడలకి కూడా చెమట పడుతుంది. నేను రోజులు లెక్కపెట్టుకోసాగాను. ఒక వారం ఏం కాలేదు. రెండు వారాలు ఏం కాలేదు. ఎక్కువ మందంగా మెత్తానేమోనని నాకు అన్నం దిగలేదు.

సెప్టెంబరు తొమ్మిదిన మధ్యాహ్నం సారు హోటల్ నుంచి ఫోన్ చేశాడు. ఇనాయతుల్లా బండిలో వెంటనే రమ్మన్నాడు.

వెళ్ళేసరికి రాజు చుట్టూ హోటల్ పనివాళ్ళు గుమిగూడి ఉన్నారు. ముక్కు లేదు. ఎడమ బుగ్గ అరచేయంత పెచ్చు ఊడి కాళ్ళ దగ్గర పడుంది. కుడికన్ను కింద పగులు. ఊడిన ప్రతి చోటా నడుమ ఉడికిన మెతుకంత తెల్లటి చుక్క. మేం చూస్తుండగానే పెదాల కొస టిక్కుమని ఎగిరిపడింది. ఎవడో ఫిలిప్పీన్ కుర్రాడు నవ్వాపుకోలేక అవతలికి పోయాడు. పనివాళ్ళు పగిలిన ముఖాన్నీ సారు ముఖాన్నీ మార్చి మార్చి చూస్తున్నారు. పక్కన జోకరు ఒక కన్ను చికిలించి నిలబడి ఉన్నాడు.

సారు నన్ను పక్కకు లాక్కుపోయాడు.

"ఏం చేశావు?"

"గుల్లలు పెట్టిన సారూ."

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. లెక్క కడుతున్న మనిషిలా మిగతా బొమ్మల వైపు చూశాడు.

"ఎల్లుండి ఓనరుగారు వస్తున్నారు. పద్దెనిమిదిన ఓపెనింగు, షేకులొస్తారు. మిగతా నాలుగింట్లో కూడా ఉన్నాయా?"

"ఉన్నయో లేవో నాకే ఎరుక."

"నిన్ను పోలీసులకి అప్పజెబుతాను."

"అప్పజెప్పుండ్రి. నేను జైల్ల కూసుంట, మీరు ఈడ బొమ్మల కాడ కూసొని టిక్కుమంటదా అని ఇనుండ్రి."

"ఇది బ్లాక్‌మెయిల్ అంటారయ్యా."

"నాకు ఇంగిలీషు రాదు సారూ," అన్నాను. "ఇనాయతుల్లాకు అస్తది. మీరు ఒక కాయితం రాయాలె. బట్టీ తలుపు మీరే తీయుమన్నరని, గంగాప్రసాద్ తాగలేదని, ముందు రాసింది తప్పని. కంపెనీ ముద్ర ఎయ్యాలె. ఓనరుకు ఈన్నుంచే ఫ్యాక్సు చెయ్యాలె. గప్పుడు చెప్త, ఏ బొమ్మల ఉన్నదో."

చాలాసేపు గింజుకున్నాడు. పిల్లల చదువులన్నాడు. ఫ్లాటు లోనన్నాడు. మనోడివై ఉండి ఇలా చేస్తావనుకోలేదన్నాడు. ఆ మాట దగ్గర నాకు నవ్వొచ్చింది, కడుపారా నవ్వాను. అంతలో ఇంకో పెచ్చు ఊడిపడింది. సారు హోటల్ సైట్ ఆఫీసు వైపు నడిచాడు.

కాగితం టైపు చేయించాడు. ఇనాయతుల్లా ఒక్కో మాటా వేలు పెట్టి చదివి నాకు తెలుగులో చెప్పాడు. ఒకచోట 'తాగి ఉండకపోవచ్చు' అని ఉందన్నాడు. 'తాగలేదు' అని రాయించాను. మూడుసార్లు చదివించాక ముద్ర వేయించాను. ఫ్యాక్సు మిషను ఆ కాగితాన్ని ఒకవైపు నుంచి మింగి రెండోవైపు కక్కేదాకా పక్కనే నిలబడి చూశాను.

"ఇప్పుడు చెప్పు. ఏ బొమ్మలో?" అన్నాడు సారు.

"ఏ బొమ్మల లేదు సారూ. ఒక్క రాజు ముఖంలనే."

ఆయన అక్కడే మెట్టు మీద కూర్చున్నాడు. తలెత్తి, చాలా నెమ్మదిగా అడిగాడు.

"మా ఇంట్లోదో?"

నిజం చెప్పొచ్చు. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. అప్పుడు అందని ఆ క్యారేజీ గుర్తొచ్చింది.

"ఏసీ బందు చెయ్యకుండ్రి సారూ," అన్నాను. "గాలి పొడిగుంటె ఏం గాదు."

ఓనరు వచ్చాడు, కాగితం చదివాడు. రాధాకృష్ణ సారును రువైస్‌లో సైటు గోదాం చూసుకోమని పంపించారు. అబుదాబి నుంచి మూడు గంటల దారి, చుట్టూ రిఫైనరీ తప్ప ఏం లేదు. ఇల్లు ఖాళీ చేసుకోవడానికి డిసెంబరు దాకా గడువిచ్చారు. నాకూ వీసా పొడిగించబోమని, డిసెంబరుతో సరి అని చెప్పారు. రాజు ముఖం కోసేసి, క్యాటలాగులోంచి తీసిన ఎవరిదో ప్లాస్టరు ముఖం అతికించారు. ఓపెనింగు ఫోటోల్లో ఆ ముఖమే ఉంది.

కాగితం నకలు పోస్టులో ఊరికి చేరడానికి పదిహేను రోజులు పట్టింది. అది చేరిందని తెలిశాకే ఫోన్ చేశాను. హైస్కూలు సారుని స్వర్ణ బీడీల కార్ఖానకే తీసుకుపోయిందట. నలభై మంది ముందూ గట్టిగా చదివించిందట, రెండుసార్లు. కొమురవ్వ అత్త మర్నాటి నుంచి పనిలోకి పోతోంది.

"ఎప్పుడస్తవ్?" అంది స్వర్ణ. నాకు అదే చాలు. ఫోన్ తమ్ముడికిచ్చింది.

"బావా, గుల్ల యాడ వెట్టినవ్?" అని అడిగాడు గంగాప్రసాదు.

"ముక్కు కొసన, కండ్ల కింద, బుగ్గలల్ల."

"నోటి కాడ వెట్టలేదా?"

"గాడ పెద్దయి పెట్టిన."

వాడు నవ్వాడు. చాలా రోజులకు విన్నాను ఆ నవ్వు. నవ్వి నవ్వి, "నా జోకరు?" అన్నాడు.

"నిలవడ్డడు. గీతగూడ పడలే."

"మెడ కాడ లోపట నా ఏలుముద్ర ఉన్నది బావా."

"ఎరుకే," అన్నాను.

డిసెంబరులో, నేను విమానం ఎక్కడానికి రెండు రోజుల ముందు, ఇనాయతుల్లా ఒక గోనెసంచి తెచ్చి క్యాంపు మెట్ల మీద దించాడు. ఆ రోజు సారు వాళ్ళ సామాను రువైస్ చేర్చి వచ్చాడు.

"కుసుమమ్మ ఇచ్చింది. చేసినాయనకు ఇయ్యి, అతుకుతడేమో అన్నది," అన్నాడు. "సెప్టెంబర్ నుంచి ఆ ఇంట్ల ఏసీ బందే కాలేదట భాయ్. చలికాలం గూడ. పిల్లలు దగ్గులు, ఈమె ఇంట్ల స్వెట్టర్ ఏసుకొని తిరుగుడు. ఎందుకయ్యా అంటే సారు చెప్పడట. రాత్రి లేచి పోయి దాన్ని చూసి అస్తడట. పోయిన శుక్రవారం తువాలల చుట్టి, బాల్కనీల పెట్టి, సుత్తె తీసుకొని కొట్టిండట. ఆయన చేత్తోని ఆయనే."

సంచి బోర్లించాను. నుదురు, చెవి, సగం నవ్వు. ఒక్కో ముక్కా ఎండలో తిప్పి చూశాను. ఎక్కడా ఒక్క తెల్ల చుక్క లేదు. ఉండదు. ఆ చిన్న బొమ్మకు నేను రెండుసార్లు జల్లెడ పట్టిన మట్టి వాడాను. దయతో కాదు. ఏసీ గదిలో, ఎవరూ చూడనిచోట పగిలే ముఖంతో నాకేం పని అనుకున్నాను, అంతే.

"దీంట్ల ఏం లేకుండెనా?" అన్నాడు ఇనాయతుల్లా.

"లేకుండె."

"మరి సారుకు చెప్పకపోతివి?"

"ఆమెకు చెప్పకపోతి, గది తప్పయింది," అన్నాను. సారు గురించి నాకు అప్పుడూ చింత లేదు, ఇప్పుడూ లేదు.

ముక్కు ఉన్న ముక్క ఒక్కటి జేబులో వేసుకుని మిగతావి సంచిలోకి ఎత్తాను. ఊరు చేరిన రోజు గంగాప్రసాదు చేతికిచ్చాను. వాడు దాన్ని ఎడమచేతిలో పట్టుకుని, కుడిచేతికి మిగిలిన రెండు వేళ్ళలో చిటికెనవేలి గోటితో ఒక్కసారి కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. కంగుమంది.

"మంచిగ కాలింది బావా," అన్నాడు.